ఈస్ట్ పెంచిన టీకా

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద రోడ్లు పోతాయి. ఒకటి బోయినపల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు. రెండోది తిరుమలగిరి, అల్వాల్ మీదుగా శామీర్‌పేట వైపు. మొదటి దారిలో శాంతా బయోటెక్నిక్స్‌గా మొదలైన సంస్థ కర్మాగారం ఉంది. రెండో దారిలో తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ సంస్థల సముదాయం ఉంది. ఈ రెండు చోట్లా మందులు చేసే పనివాళ్లలో చాలామంది కంటికి కనపడరు. స్టీలు ట్యాంకుల్లో పెరిగే ఈస్ట్, బ్యాక్టీరియా, జంతు కణాలే ఆ పనివాళ్లు. వాటిలోకి మనకు కావలసిన జన్యువును ఎక్కిస్తే, అవి మనకు కావలసిన ప్రోటీన్‌ను తయారు చేసి పెడతాయి.

జన్యువును ఎక్కించడం గురించి అందరూ గొప్పగా చెబుతారు. గొప్పదే, కాదనలేం. కానీ అది సగం పనే. ఆ ప్రోటీన్‌ను లక్షల మందికి సరిపడా పండించి, శుద్ధి చేసి, కూలి చేసుకునే కుటుంబానికి కూడా అందే ధరకు ఇవ్వడం మిగతా సగం. భారతదేశంలో ఆ రెండో సగం మొదట ఇక్కడే జరిగింది.

వైరస్ వద్దు, తొడుగు చాలు

హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్ని పట్టుకుంటుంది. పెద్దవాళ్లకు సోకితే చాలామందిలో దానంతట అదే పోతుంది. నూటికి ఐదుగురికన్నా తక్కువ మందిలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. అదే కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకితే లెక్క తిరగబడుతుంది. అలాంటి పిల్లల్లో నూటికి సుమారు తొంభై మందికి అది జీవితాంతం ఉండే జబ్బవుతుంది. ఏళ్లు గడిచాక వాళ్లలో కొందరికి కాలేయం గట్టిపడుతుంది, కొందరికి క్యాన్సర్ వస్తుంది. మనదేశంలో సుమారు 4 కోట్ల మంది ఈ వైరస్‌ను మోస్తున్నారని అంచనా.

1960ల్లో బారుక్ బ్లంబర్గ్ ఈ వైరస్ పైతొడుగులోని ప్రోటీన్‌ను రోగుల రక్తంలో గుర్తించారు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. రోగి రక్తంలో అసలు వైరస్‌లకన్నా లోపల ఏమీ లేని ఉత్త తొడుగులే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. ఒక్కోదాని వ్యాసం సుమారు 22 నానోమీటర్లు. వాటికి రోగం తెప్పించే శక్తి లేదు. శరీరానికి శత్రువును గుర్తుపట్టడం నేర్పే శక్తి మాత్రం ఉంది. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకాను ఇలాగే, రోగుల రక్తంనుంచి ఆ తొడుగులను వేరుచేసి తయారు చేశారు. కానీ రోగుల రక్తం ఎంతని దొరుకుతుంది? పైగా ఎయిడ్స్ భయం మొదలైన రోజులవి. రక్తంనుంచి తీసిన టీకా అంటే జనం జంకారు.

అప్పటికే వేరే దారి తెరుచుకుంది. 1973లో హెర్బర్ట్ బోయర్, స్టాన్లీ కోహెన్ ఒక జీవి జన్యువును బ్యాక్టీరియాలోకి ఎక్కించి, అది అక్కడ పనిచేస్తుందని చూపించారు. పద్ధతి చెప్పడానికి సులువే. డీఎన్‌ఏను నిర్ణీత చోట కోసే ఎంజైములున్నాయి, తెగిన ముక్కలను అతికించే ఎంజైములున్నాయి. బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న ఉంగరం లాంటి డీఎన్‌ఏ ఉంటుంది. దాన్ని కోసి, మనకు కావలసిన జన్యువును అందులో అతికించి, తిరిగి బ్యాక్టీరియాలోకి పంపిస్తారు. అది రెండవుతుంది, నాలుగవుతుంది, కోట్లవుతుంది. ప్రతి కణం ఆ జన్యువు చెప్పిన ప్రోటీన్‌ను చేస్తూ పోతుంది. 1978లో ఇ.కోలై బ్యాక్టీరియా చేత ఇలాగే మనిషి ఇన్సులిన్ చేయించారు. 1982లో అది మందుగా బజారుకొచ్చింది. అంతవరకు మధుమేహ రోగులకు ఇన్సులిన్ పందుల, పశువుల క్లోమంనుంచి తీసిందే దిక్కు.

హెపటైటిస్-బి తొడుగు దగ్గర ఇ.కోలై చేతులెత్తేసింది. బ్యాక్టీరియాలో చేసిన ప్రోటీన్ సరైన గోళాలుగా కూడుకోలేదు. ఈస్ట్‌లో ఆ పని జరిగింది. కల్లును పులియబెట్టే జీవి కూడా ఒక ఈస్టే. చూడటానికి అల్పమైనదే అయినా, బ్యాక్టీరియాలా కాక దాని కణంలో మన కణాల్లోలాగే కేంద్రకం, ప్రోటీన్‌ను మడిచే లోపలి పొరలు ఉంటాయి. 1982లో విలియం రటర్, పాబ్లో వలెన్జువేలా తదితరులు ఈస్ట్‌లో 22 నానోమీటర్ల తొడుగులు తయారవుతున్నట్టు ప్రకటించారు. 1986లో ఆ టీకాకు అమెరికా అనుమతిచ్చింది. జన్యు సాంకేతికతతో మనుషుల కోసం తయారైన మొదటి టీకా అదే.

మేడ్చల్ దారిలో

టీకా వచ్చింది గానీ మనదాకా రాలేదు. 1990ల మొదట్లో దిగుమతి టీకా ఒక్కో డోసు వందల రూపాయలు. మనిషికి మూడు డోసులు కావాలి. నలుగురున్న ఇంటికి ఆ ఖర్చు నెల జీతాన్ని మింగేసేది.

నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, జీవశాస్త్రం చదివినవారు కాదు. జెనీవాలో ఒక సమావేశానికి వెళ్లినప్పుడు హెపటైటిస్-బి సంగతి తెలుసుకున్నారు. సాంకేతికత కోసం విదేశీ సంస్థలను అడిగితే ఆయనకు ఎదురైంది చిన్నచూపేనని తర్వాత పలుమార్లు చెప్పుకున్నారు. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఆవరణలో సాగింది. పెట్టుబడికి ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవి అబ్దుల్లా ముందుకొచ్చారు. 1997 ఆగస్టులో 'శాన్వాక్-బి' విడుదలైంది. భారతదేశంలో తయారైన మొదటి జన్యు పునస్సంయోజక (జన్యువును వేరే జీవిలోకి ఎక్కించి చేసిన) ఉత్పత్తి ఇదే. కొద్దికాలానికే తుర్కపల్లినుంచి భారత్ బయోటెక్ వారి హెపటైటిస్-బి టీకా కూడా వచ్చింది. పోటీ పెరిగింది, ధర కూలింది. యునిసెఫ్ లాంటి సంస్థలు కొనే డోసు ఒక డాలరుకన్నా తక్కువకు దిగింది. 2011నాటికి ఈ టీకా దేశమంతటా ఉచిత టీకాల కార్యక్రమంలో చేరింది. ధర దిగకపోతే అది కాగితం మీదే ఉండేది.

ట్యాంకులో ఏం జరుగుతుంది?

శాంతా ఎంచుకున్న ఈస్ట్ పేరు పిచియా పాస్టోరిస్. దీని తిండి విచిత్రం. కల్తీ సారాలో కలిసి మనుషుల కళ్లు పోగొట్టే మిథనాల్‌ను ఇది తిని బతకగలదు. 1970ల్లో అమెరికా చమురు కంపెనీ ఫిలిప్స్ పెట్రోలియం దీన్ని మిథనాల్ మీద పెంచి పశువుల దాణాగా అమ్మాలనుకుంది. చమురు ధరలు పెరగడంతో ఆ లెక్క కుదరలేదు. కానీ ఆ ఈస్ట్‌లో ఒక సుగుణం బయటపడింది. మిథనాల్ తగలగానే దాన్ని జీర్ణం చేసుకునే ఎంజైమ్‌ను కుప్పలుగా చేస్తుంది, మిథనాల్ లేకపోతే ఆ జన్యువు మూతపడి ఉంటుంది. ఆ ఎంజైమ్ జన్యువుకు ముందుండే స్విచ్చును తీసుకుని దాని వెనక మన జన్యువును పెడితే, మిథనాల్ పోసినప్పుడల్లా మన ప్రోటీన్ తయారవుతుంది.

ఉత్పత్తి ఒక చిన్న గాజు సీసాతో మొదలవుతుంది. గడ్డకట్టించి దాచిన ఈస్ట్‌ను కరిగించి ఫ్లాస్కులో, ఆపైన చిన్న ట్యాంకులో, చివరికి పెద్ద ఫెర్మెంటర్‌లో పెంచుతారు. వేడి 30 డిగ్రీల దగ్గర ఉండాలి, ఆమ్లత మారకూడదు, గాలి ఆగకూడదు. మొదట గ్లిజరిన్ పోసి కణాల సంఖ్యను పెంచుతారు. గ్లిజరిన్ అయిపోయిన క్షణం తెర మీద ఇట్టే తెలిసిపోతుంది. తినడానికేమీ లేక కణాలు ఆక్సిజన్ వాడటం తగ్గిస్తాయి, కరిగిన ఆక్సిజన్ గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. మిథనాల్ మొదలుపెట్టాల్సింది అప్పుడే. అదీ చుక్కచుక్కగా. తక్కువైతే ప్రోటీన్ రాదు, ఎక్కువైతే ఈస్ట్ చస్తుంది. మిథనాల్‌ను తినేటప్పుడు కణాలు విపరీతంగా వేడిని పుట్టిస్తాయి కాబట్టి ట్యాంకు చుట్టూ చల్లనీరు పారుతూనే ఉండాలి.

చివరికి ట్యాంకులో మీగడలా చిక్కటి ద్రవం మిగులుతుంది. తొడుగు ప్రోటీన్ కణాల లోపలే ఉంటుంది. కాబట్టి కణాలను పగలగొట్టాలి. పగలగొడితే మన ప్రోటీన్‌తోపాటు ఈస్ట్‌కు చెందిన వేల రకాల ప్రోటీన్లు, కొవ్వులు, డీఎన్‌ఏ అన్నీ కలిసి బయటికొస్తాయి. వాటన్నిటినీ మెట్టుమెట్టుగా తీసేయాలి. ప్రతి మెట్టులోనూ చెత్తతోపాటు అసలు సరుకూ కొంత పోతుంది. ఒక్కో మెట్టులో 80 శాతం మిగిలినా, ఐదు మెట్లు దాటేసరికి చేతిలో ఉండేది మూడో వంతు మాత్రమే. పసిబిడ్డకిచ్చే డోసులో ఈ ప్రోటీన్ 10 మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము శుద్ధమైన ప్రోటీన్ లక్ష డోసులకు సరిపోతుంది. శుద్ధిలో ఒక్క మెట్టు తగ్గించగలిగినా, ప్రతి మెట్టులో రెండు మూడు శాతం ఎక్కువ మిగిల్చినా టీకా ధర మారిపోయేది అందుకే.

అంత జాగ్రత్తలోనూ తేడాలొస్తాయి. ఐదు జబ్బులకు కలిపి శాంతా తయారుచేసిన 'శాన్-5' టీకా సీసాల గోడలకు తెల్లటి మడ్డి అంటుకుంటోందని ఫిర్యాదులొచ్చాయి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన ఆమోదిత జాబితానుంచి తీసేసింది. తిరిగి చోటు దక్కింది 2014లో. అప్పటికే సంస్థ ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ చేతిలోకి వెళ్లింది. జన్యువు ఒకసారి కుదిరితే చాలు, నాణ్యత మాత్రం ప్రతి సీసాలోనూ కుదరాలి.

ఏ మందుకు ఏ జీవి?

సూక్ష్మజీవుల నుంచి మందు తీయడం జన్యు సాంకేతికతతో మొదలైంది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశారు. 1948లో వైద్యానికొచ్చిన ఆ మందే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. ఆ జీవి తనకోసం చేసుకునే పదార్థాన్నే మనం తీసుకున్నాం. జన్యు సాంకేతికత వచ్చాక, జీవి తనకు అక్కర్లేనిదాన్ని కూడా మన కోసం చేస్తోంది.

ఎంపిక అంతా ప్రోటీన్ స్వభావాన్ని బట్టే. చిన్నది, చక్కెర గొలుసులు అక్కర్లేనిదీ అయితే ఇ.కోలై చాలు. క్యాన్సర్ చికిత్సలో తగ్గిన తెల్ల రక్తకణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ అలాంటిదే. డాక్టర్ రెడ్డీస్ దాన్ని 2001లో తెచ్చింది. గోళాలుగా కూడుకోవలసినదైతే ఈస్ట్. రిటుక్సిమాబ్ లాంటి పెద్ద యాంటీబాడీ అయితే సూక్ష్మజీవుల వల్ల కాదు, జంతు కణాలే కావాలి. 2007లో అదే సంస్థ ఈ మందును కూడా తెచ్చింది.

కోవిడ్ కాలంలో బయోలాజికల్-ఇ వారి కోర్బెవాక్స్ కూడా పిచియా ఈస్ట్‌లో పెరిగిందే. అమెరికాలోని టెక్సాస్‌లో పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ బృందం పేటెంటు పెట్టకుండా ఆ పద్ధతిని పంచుకుంది. 2021 డిసెంబరులో అత్యవసర అనుమతి వచ్చింది. 2022 మార్చి 16నుంచి 12-14 ఏళ్ల పిల్లలకు వేశారు. హెపటైటిస్-బి టీకాతో మన సంస్థలు సంపాదించిన ఈస్ట్ అనుభవం అక్కడ పనికొచ్చింది.

మలేరియా దగ్గర

1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక ఆడ దోమ పొట్టను కోసి, దాని గోడలో మలేరియా పరాన్నజీవి ఎదుగుతున్న దశను చూశారు. ఆ దోమలకు రక్తమిచ్చిన రోగి హుస్సేన్ ఖాన్‌కు కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. మలేరియాకు టీకా రావడానికి మాత్రం మరో శతాబ్దం పైన పట్టింది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా ఎలా తయారైందో తెలుసా? మలేరియా పరాన్నజీవి ప్రోటీన్ ముక్కను హెపటైటిస్-బి తొడుగు ప్రోటీన్‌కు అతికించి, ఈస్ట్‌లో పెంచారు. ఒంటరిగా నిలవలేని ముక్కకు ఆ తొడుగే ఆధారం. ఈ టీకా తయారీని బ్రిటన్‌కు చెందిన జీఎస్‌కేనుంచి అందుకునేందుకు భారత్ బయోటెక్ 2021లో ఒప్పందం కుదుర్చుకుంది. 2028నాటికి డోసు ధరను 5 డాలర్లలోపుకు తెస్తామని రెండు సంస్థలూ 2025లో ప్రకటించాయి.

మలేరియా మందు విషయంలో మాత్రం ఈస్ట్ ఓడిపోయింది. ఆర్టిమిసినిన్‌కు ముడి పదార్థమైన ఆమ్లాన్ని జే కీస్లింగ్ బృందం 2006లో ఈస్ట్ చేత చేయించింది. తర్వాత లీటరుకు 25 గ్రాముల దాకా తీయగలిగారు. 2013లో సనోఫీ ఇటలీలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇంతలో పొలాల్లో పండిన మొక్కనుంచి తీసే ఆర్టిమిసినిన్ ధర పడిపోయింది. ఈస్ట్ దారి గిట్టుబాటు కాక సనోఫీ ఆ కర్మాగారాన్ని వదులుకుంది. శాస్త్రం నెగ్గినా ధర నెగ్గకపోతే ఆ మందు రోగిదాకా రాదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

పాఠకులకు రెండు మాటలు

జన్యు సాంకేతికతతో చేసిన హెపటైటిస్-బి టీకా మన జన్యువులను మారుస్తుందేమోనని కొందరికి అనుమానం. జన్యువు మార్చింది ఈస్ట్‌లో. సీసాలోకి వచ్చేది శుద్ధిచేసిన ప్రోటీనే, జన్యువు కాదు. అందులో వైరస్ లేదు, బతికున్న ఈస్ట్ లేదు, కాబట్టి టీకావల్ల కామెర్లు రావు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఈ టీకా 2-8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే తర్వాత కరిగించినా పనికిరాదు.

ఇక రెండోది. ఈ వైరస్ వల్ల అసలు ముప్పు పుట్టిన బిడ్డకే. అందుకే మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. తర్వాతి డోసులు 6, 10, 14 వారాలకు ఐదు జబ్బుల టీకాలో కలిసి వస్తాయి. ప్రభుత్వాసుపత్రుల్లో అన్నీ ఉచితం. గర్భిణికి హెపటైటిస్-బి పరీక్ష తప్పకుండా చేయించండి. మీ ఇంట్లో కాన్పు జరిగితే ఆ మొదటి డోసు పడిందో లేదో వార్డులోని నర్సును అడగండి, పడకపోతే ఆ రోజే వేయించండి.