నల్లరేగడి నేల, దానిమీది జనము

మధుర నుండి తిరునెల్వేలికి పోవు రైలులో విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా తగులును. ఈ సుమారు 50 కిలోమీటర్ల దారిలో ఇరువైపుల కనబడునది చాలవరకు నల్లరేగడి నేలయే. తమిళులు దీనిని కరిసల్ అందురు. ఎండకు కాలు దిగునంత బీటలు వారును. వాన పడెనా, ఆ చెమ్మను నెలల తరబడి దాచుకొనును.

పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచే ఇచ్చట ముఖ్యమైన వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. ఏడాది పొడవున పారు నది లేదు. వైప్పారు సయితము వాననాటి ఏరే. పొడవు పింజ పత్తికి పేరుపడిన ఈజిప్టులో వాన బహుస్వల్పము, నైలు నది మాత్రము కలదు. అందుచే పది కోట్లకు మించిన ఆ దేశజనములో అత్యధికులు నదివెంట సన్నని పట్టీలోను, దాని ముఖద్వారపు మైదానమునందును ఒత్తుకొని యున్నారు. మన సీమలో ఒత్తుకొనుటకు నది యేది? చెరువు నిలిచినచోట ఊరు వెలసినది.

ఈ నేలకు తగినది పొట్టి పింజ కరుంగణ్ణి పత్తి. 1901లో కోవిల్‌పట్టిలో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధన కేంద్రము అందుండి మేలురకములను తీసినది. నేడు దాని సాగు బాగుగా తగ్గినది.

1529లో మొదలైన మధుర నాయకరాజుల పాలనలో తెలుగువారు పెక్కుమంది ఇటు వచ్చిరి. ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసనే తమిళమున నవలగా వ్రాసిరి. అరుప్పుక్కోటలో తమిళము మాట్లాడు సాలియర్లును, దేవాంగులును నేతపనివారు; దేవాంగులలో కన్నడము మాట్లాడువారును తెలుగు మాట్లాడువారును గలరు.

2011 లెక్కలలో విరుదునగరము జిల్లా జనము 19,42,288. కోవిల్‌పట్టి పట్టణము 95,057. తమిళనాట తెలుగు మాతృభాషగా వ్రాయించినవారు 42 లక్షలకు పైబడిరి. 2021లో జరుగవలసిన గణన వాయిదా పడినది.

ఇచ్చట ఒక చిక్కు గలదు. లెక్కలవారు తమిళమున అడుగుదురు. మనవారును తమిళముననే బదులు చెప్పి, పిల్లల బడి తమిళమే గదా యని మాతృభాషయు తమిళమే యని వ్రాయింతురు. బడి వేరు, మాతృభాష వేరు. గణన నియమము ప్రకారము చిన్ననాట తల్లి బిడ్డతో మాట్లాడిన భాషయే మాతృభాష. పసితనముననే తల్లి గతించినచో, ఆనాడు ఇంట ముఖ్యముగా వాడిన భాష. చదువను వ్రాయను రాకున్నను అదియే వ్రాయింపవచ్చును. తెలిసిన ఇతర భాషలు రెంటికి వేరుగా గడి యుండును. తమిళమును అందు చెప్పవలెను.