తలుపు తీయండి.. నర్సమ్మ వచ్చింది!

వానాకాలంలో మీ వీధిలో ఒకరికి డెంగీ అని తేలితే, ఆ చిరునామా పట్టుకుని వచ్చేది ఏఎన్‌ఎం. వెంట ఆశా కార్యకర్త. చుట్టుపక్కల ఇంకెవరికైనా జ్వరం ఉందేమోనని గడప గడపకీ తిరిగి అడుగుతారు.

రోగులను వెంటబెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చే ఏఎన్‌ఎంలు తరచూ చెప్పే మాట ఒకటుంది. బస్తీల్లో మంచినీళ్లిచ్చి కూర్చోబెడతారట. అపార్ట్‌మెంట్లలో గేటు దగ్గరే ఆపేస్తారట. ఎలాగో పైకి వెళ్లినా ‘మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదమ్మా’ అని తలుపేస్తారట. జ్వరమని నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని జంకు. కానీ దోమకు ఆ మొహమాటం ఉండదు. డెంగీ రోగిని కుట్టిన దోమ, వారం పది రోజులు గడిచాక పక్కింటి పిల్లాడికీ జబ్బు అంటించగలదు.

ఇంట్లోకి వస్తే ఆమె వెతికేది నిల్వ నీటిని. కూలర్, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, మూతలేని డ్రమ్ము. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. శుక్రవారం ‘డ్రై డే’ పాటించమనేది అందుకే. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర అంచులకు అంటుకుని ఉంటాయి కాబట్టి రుద్ది కడిగి ఆరబెట్టాలి.

ఇవి గుర్తుంచుకోండి

• జ్వరం ఎప్పుడు మొదలైందో ఆమెకు దాచకుండా చెప్పండి.

• జ్వరానికి ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ సొంతంగా వేసుకోవద్దు.

• జ్వరం తగ్గుతున్నప్పుడే ఎక్కువ జాగ్రత్త అవసరం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

• ఆమెను ఆపొద్దని మీ వాచ్‌మన్‌కు ఈ రోజే చెప్పి ఉంచండి.