ఎడమచేతికి తీరిక, సెట్టింగుకు ఓపిక

బొంతపల్లి చుట్టుపక్కల గడ్డిమోపులు, పాలక్యాన్లు మోసే టీవీఎస్ ఎక్సెల్ బండికి క్లచ్ లివర్ ఉండదు. ఎక్సలేటర్ తిప్పితే కదులుతుంది. వదిలి బ్రేకు వేస్తే ఇంజిన్ ఆగకుండానే నిలబడుతుంది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ లోపలి బరువులు బయటికి జరిగి పట్టు బిగించే సెంట్రిఫ్యూగల్ క్లచ్ మహిమ అది. 1958లో వచ్చిన హోండా సూపర్ కబ్ గేర్లు ఉంచి చేతి క్లచ్‌ను తీసేసింది. మన దేశంలో 1997లో హీరో హోండా స్ట్రీట్, 2009లో టీవీఎస్ జైవ్ అదే దారి పట్టాయి. కాబట్టి ఆఫ్‌రోడ్ బైకుకు ఆటోమేటిక్ క్లచ్ బిగిస్తామంటే విడ్డూరమేమీ లేదు. తేల్చుకోవాల్సింది ఒక్కటే: దాన్ని సరిగ్గా సెట్ చేసి కాపాడుకునే ఓపిక మనకుందా?

రాళ్ల గట్టెక్కేటప్పుడు, బురదలో వంపు తిరిగేటప్పుడు బండి నడక వేగానికి పడిపోతుంది. ఆ క్షణంలో క్లచ్ ఒక్క పిసరు ఆలస్యమైతే ఇంజిన్ ఆగుతుంది, బండి పక్కకు ఒరుగుతుంది. అమెరికాకు చెందిన రెక్లూస్ లాంటి సంస్థలు అమ్మే కిట్లలో క్లచ్ ప్లేట్ల మధ్య ఒక ప్రత్యేకమైన డిస్క్ కూర్చుంటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్లేట్ల మధ్య సందు ఉంటుంది. వేగం పెరిగితే డిస్క్ విచ్చుకుని ఆ సందును పూడుస్తుంది. గేర్లు మాత్రం కాలితోనే మార్చాలి.

అసలు కిటుకంతా ఆ సందులోనే ఉంది. దాన్ని చూసుకోవడానికి రబ్బరు బ్యాండు చాలు. బండిని న్యూట్రల్‌లో పెట్టి, బ్యాండును లివర్‌కూ హ్యాండిల్‌కూ కలిపి తగిలించి, ఎక్సలేటర్ గట్టిగా ఇస్తే లివర్ కొస సుమారు 3 మిల్లీమీటర్లు లోపలికి రావాలి. అంతకన్నా తక్కువ కదిలితే క్లచ్ జారి, వేడెక్కి, ప్లేట్లు మాడిపోతాయి. మరీ ఎక్కువ కదిలితే గేరులో బండి తనంతట తానే ముందుకు పాకుతుంది.

నైపుణ్యం పోతుందన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఈ కిట్లలో చాలావాటికి చేతి లివర్ అలాగే ఉంటుంది, కావలసినప్పుడు వాడుకోవచ్చు. పైగా బ్రేకు, ఎక్సలేటర్, ఒంటి బరువు ఎక్కడ మోపాలన్న తెలివి రైడర్‌కు ఉండాల్సిందే. గట్టి అభ్యంతరాలు వేరే ఉన్నాయి. ఇంజిన్ ఆగితే క్లచ్ పట్టు వదిలేస్తుంది గనుక బండిని తోసి స్టార్ట్ చేయలేం. ఏటవాలులో గేరు వేసి నిలిపినా ఆగదు. దిగుడులో ఇంజిన్ ఆగితే బ్రేకులే దిక్కు. ఇవి కొట్టిపారేయలేని మాటలు. అందుకే బ్యాటరీ, బ్రేకులు బాగా లేని బండికి ఈ కిట్ బిగించకూడదు.

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో లేత్ పనివాళ్లకు కొదవ లేదు. వేరే మోడల్ కిట్‌ను అరగదీసి మన బండిలో కూర్చోబెడదామన్న ఆశ పుట్టడం సహజమే. కానీ నిమిషానికి వేల చుట్లు తిరిగే ఆ డిస్క్‌లో బరువు, గట్టిదనం, మందం అన్నీ లెక్కగా కుదరాలి. అంచనాతో చేసే పని కాదిది. మన మోడల్‌కు తయారైన కిట్ దొరికితేనే కొనండి, బయలుదేరే ముందు ప్రతిసారీ రబ్బరు బ్యాండు పరీక్ష చేయండి. ఆ ఓపిక లేకపోతే చేతి క్లచ్చే మేలు.