/బిన్/ఎస్‌హెచ్ వెనక ఎవరున్నారు?

లినక్సుని తయారుగా దించుకోకుండా, సోర్సు నుంచి ఒక్కొక్క ప్రోగ్రామూ కంపైలు చేసి సొంతంగా కట్టుకోవాలన్న సరదా మనలో చాలామందికి ఉంటుంది. గెరార్డ్ బీక్‌మాన్స్ 1999లో మొదలుపెట్టిన 'లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్' అందుకు దారి చూపిస్తుంది. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ లాంటి చోట ఉండేవారికి శుక్రవారం, అమెరికాలో వారికి శనివారం ఈ పనికి తీరిక చిక్కుతుంది. ఆ సెలవంతా కంపైలు చేసి, సాయంత్రానికి అంతుపట్టని తప్పు దగ్గర ఆగిపోతే, ఓసారి /బిన్/ఎస్‌హెచ్ ఏమిటో చూడండి.

మనం లాగిన్ అయితే వచ్చే షెల్లు వేరు, సిస్టం షెల్లు వేరు. మొదటిది పాస్‌వర్డు ఫైలులో మన పేరున్న వరుస చివర ఉంటుంది. మార్చుకుంటే మన ఒక్కరికే మారుతుంది. రెండోది అందరిదీ. సి లైబ్రరీలోని సిస్టం ఫంక్షను, మేక్, లెక్కలేనన్ని కాన్ఫిగర్ స్క్రిప్టులు /బిన్/ఎస్‌హెచ్‌నే పిలుస్తాయి. ఇనిట్ ఎక్కడా దొరక్కపోతే కర్నెలు కూడా ఆఖరుకి దాన్నే నడపబోతుంది.

ఎస్‌హెచ్ అన్నది 1979 నాటి యునిక్సు ఏడో వెర్షనులో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్లు. ఇవాళ లినక్సులో ఆ పేరుతో ఉండేది సాధారణంగా ఒక లింకు మాత్రమే. ఫెడోరాలో అది బాష్‌ని చూపిస్తుంది. ఉబుంటు 2006లో 6.10తో, డెబియన్ 2011లో 6.0తో డాష్‌కి మారాయి. డాష్ చిన్నది, చురుకైనది.

బాష్ అలవాటుతో రాసిన స్క్రిప్టు డాష్‌లో ఆగిపోతే నయమే, తప్పు కంటికి కనిపిస్తుంది. ఆగకుండా వేరే అర్థంతో నడిస్తేనే తంటా. ఉదాహరణకి కమాండు తరవాత '&>' అని రాసి ఫైలు పేరు ఇచ్చామనుకోండి. అవుట్‌పుటూ, ఎర్రర్లూ కలిపి ఈ ఫైలులో వెయ్యమని బాష్ అర్థం చేసుకుంటుంది. డాష్ దాన్నే రెండు ముక్కలుగా చదువుతుంది: కమాండుని బ్యాక్‌గ్రౌండులోకి నెట్టి, ఫైలుని ఖాళీ చేసి, తన దారిన తను పోతుంది. మొదటి పని పూర్తికాకుండానే రెండోది మొదలవుతుంది. ఒకసారి బిల్డు అవుతుంది, ఇంకోసారి అవదు. లాగు చూద్దామంటే అందులో ఏమీ ఉండదు!

అందుకే ఆ పుస్తకం, మీరు పని మొదలుపెట్టే పాత సిస్టంలోనే ఎస్‌హెచ్ బాష్‌కి లింకై ఉండాలంటుంది. ఉబుంటు మీద కడుతున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. కొత్త సిస్టంలో లింకు పెట్టేటప్పుడు /బిన్/బాష్ అని పూర్తి దారి ఇవ్వకండి, ఉత్త 'బాష్' అని ఇవ్వండి. పూర్తి దారి ఇస్తే, బయటినుంచి చూసినప్పుడు అది పాత సిస్టంలోని బాష్‌ని చూపిస్తుంది. కొత్త బాష్ అసలు తయారవకపోయినా అంతా సవ్యంగానే ఉన్నట్టుంటుంది. సీహెచ్‌రూట్ చేశాక బండారం బయటపడుతుంది.

అలాగని ఎప్పటికీ బాష్‌నే ఉంచాలని నేననను. 2014 సెప్టెంబరులో షెల్‌షాక్ లోపం బయటపడింది. ఎన్విరాన్‌మెంటు వేరియబుల్లో దాచి పంపిన కమాండుల్ని బాష్ నడిపేసేది. ఎస్‌హెచ్ బాష్ అయిన సర్వర్లలో, సిస్టం ఫంక్షను వాడే సాధారణ సీజీఐ ప్రోగ్రాములు కూడా దొంగలకి దారి ఇచ్చాయి. ఎస్‌హెచ్ డాష్ అయినచోట ఆ దారి లేదు.

నా సలహా: కట్టేటప్పుడు బాష్, సిస్టం నిలబడ్డాక డాష్. ముందు మీ బూటు స్క్రిప్టుల్ని డెబియన్ వారి చెక్‌బాషిజమ్స్‌తో పరీక్షించండి. పాత లింకు తీసేసి కొత్తది పెట్టకండి, ఆ మధ్యలో నడిచే ప్రోగ్రాములకి షెల్లు దొరకదు. వేరే పేరుతో లింకు చేసి, ఎంవీతో పాతదాని మీదకి మార్చండి. రూటుగా ఇంకో టెర్మినలు తెరిచి ఉంచుకోవడం మాత్రం మరవకండి.