ఇనుము పండే సజ్జచేను

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు బైర్లు కమ్మడం, రాత్రంతా నిద్రపోయినా పొద్దున్నే నీరసం - మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళు వీటిని ఇంటిచాకిరీ లెక్కలో వేసి ఊరుకుంటారు. నిజానికివి రక్తహీనతకు గుర్తులు కావచ్చు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. సగం మందికి పైనే అన్నమాట!

రక్తహీనతకు కారణాలు అనేకం. వాటిలో ముఖ్యమైనది ఇనుము లోపం. నెలనెలా పోయే రక్తంతో కొంత ఇనుము పోతుంది. గర్భం, కాన్పు మరికొంత లాగేస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో అందాలి. మరి మనం మూడుపూటలా తినేదేమిటి? తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం. నూరు గ్రాముల తెల్లబియ్యంలో ఒక మిల్లీగ్రాము ఇనుమైనా ఉండదు!

అయితే తినే గింజలోనే ఇనుము ఎక్కువగా పండేటట్టు చేయలేమా? చేయవచ్చు, చేశారు కూడా. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థవారు సజ్జలో ఈ పని సాధించారు. ఆఫ్రికాలోని టోగో దేశపు నాటు సజ్జనుంచి వారు తయారుచేసిన ఐ.సి.టి.పి. 8203 అనే రకం 1988లోనే విడుదలైంది. ఆ రకంలోనే కొన్ని మొక్కల గింజల్లో ఇనుము ఎక్కువ, కొన్నింటిలో తక్కువ. గింజలను పరీక్షించి, ఇనుము ఎక్కువగా ఉన్న సంతతులను ఏరి, వాటిని తమలో తాము సంపర్కం చేయించి 'ధనశక్తి' అనే రకాన్ని రూపొందించారు. 2012లో ఇది మహారాష్ట్రలో విడుదలైంది. దీని గింజల్లో కిలోకు సుమారు 71 మిల్లీగ్రాముల ఇనుము, 40 మిల్లీగ్రాముల జింకు ఉంటాయి.

ఇందులో వేరే జీవి జన్యువును తెచ్చి అతికించలేదు. మంచి కంకిని ఏరి విత్తనానికి దాచే మన రైతు పద్ధతే ఇది, పరిశోధనశాల పరీక్షలు తోడయ్యాయి. 2018నుంచి మన దేశంలో కొత్త సజ్జ రకం విడుదల కావాలంటే కిలోకు కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్న నియమం కూడా పెట్టారు.

"గింజలో ఉంటే సరా, ఒంటికి పట్టవద్దూ?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మహారాష్ట్రలో 12-16 ఏళ్ళ పిల్లలకు ఆరునెలలపాటు రోజూ రెండుపూటలా సజ్జరొట్టెలు పెట్టి చూశారు. 2015లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మొదట్లో ఇనుము లోపమున్న పిల్లల్లో, మామూలు సజ్జ తిన్నవారికంటే ఇనుము ఎక్కువున్న సజ్జ తిన్నవారికి లోపం తీరే అవకాశం 1.64 రెట్లు ఎక్కువగా కనిపించింది.

ఇక మీ వంటింటి సంగతి. సజ్జలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది ఇనుమును ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. అందుకని ఈ జాగ్రత్తలు పాటించండి:

1. సజ్జలను నానబెట్టి మొలకెత్తించినా, పిండిని అంబలిగా పులియబెట్టినా ఫైటేట్ తగ్గుతుంది.

2. రొట్టెతోపాటు నిమ్మరసం పిండిన కూర, ఉసిరిపచ్చడి, జామపండు వంటివి తీసుకోండి. వాటిలోని 'సి' విటమిన్ ఇనుము ఒంటికి పట్టడానికి సాయపడుతుంది. మాంసాహారులకు చేప, మాంసం కూడా మేలు.

3. భోజనం చేసిన వెంటనే కాఫీ, టీలు తాగకండి. కనీసం గంట ఆగండి.

4. సజ్జపిండి నిలవుంటే చేదెక్కుతుంది. కొద్దికొద్దిగా విసురుకోండి.

గింజను చూసి ఇనుమెంతుందో ఎవరూ చెప్పలేరు. మామూలు సజ్జలే దొరికితే అవే తినండి, తెల్లబియ్యంకంటే ఎన్నో రెట్లు నయం. పొలమున్నవారు ఇనుము ఎక్కువున్న రకాల విత్తనం గురించి వ్యవసాయాధికారిని అడగండి.

ఒక్క హెచ్చరిక. ఆహారం లోపాన్ని రాకుండా ఆపుతుంది, వచ్చిన లోపాన్ని మెల్లగా మాత్రమే పూడుస్తుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులకు 11కు తగ్గితే వైద్యుల సలహా తప్పనిసరి. అధిక రక్తస్రావం, కొంకిపురుగులు వంటి కారణాలను వారే తేల్చగలరు. సజ్జరొట్టె తింటున్నాం కదా అని ఇనుము మాత్రలు మానకండి. నీరసంగా ఉంటే ఈ వారమే రక్తపరీక్ష చేయించుకోండి. ఇంట్లో అందరికీ వడ్డించి చివరికి మిగిలింది తినే ఇల్లాలికి ఈ మాట మరీ ముఖ్యం!