పొగ లేని కట్టెల పొయ్యి – మన చేతుల్లోనే ఉంది

మన హాస్టల్ విద్యార్థులలో చాలామందిమి కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చినవాళ్ళమే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక ఎన్నో ఇండ్లకు గ్యాస్ చేరింది. అయినా స్నానానికి నీళ్ళు కాగాలన్నా, పెండ్లికి పెద్ద గంజులో అన్నం వండాలన్నా, సిలిండర్ అయిపోయినా మళ్ళీ కట్టెల పొయ్యే దిక్కు. ఆ పొయ్యి ముందు కూర్చునేది మన అమ్మ, మన అక్క. కాబట్టి దాన్ని సరిగ్గా మండించే పద్ధతి మనకు తెలిసి ఉండాలి.

పొయ్యి పొగ వల్ల కండ్లు మండటంతోనే సరిపోదు. ఊపిరితిత్తుల జబ్బులు, గుండె జబ్బులు, చిన్నపిల్లలకు న్యుమోనియా కూడా వస్తాయి. ఇండ్లలోని ఇలాంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

పొగ ఎందుకు వస్తుంది?

మంటకు ఇంధనం, గాలి, వేడి మూడూ కావాలని సైన్సు పాఠంలో చదువుకున్నాం. కట్టె వేడెక్కినప్పుడు మొదట అందులోని నీరు ఆవిరవుతుంది. తర్వాత కట్టె నుండి వాయువులు వెలువడి మండుతాయి. అదే మనకు కనిపించే మంట. చివరకు మిగిలిన బొగ్గు నిప్పై కాలుతుంది. ఆ వాయువులకు వేడి గాని, గాలి గాని చాలకపోతే అవి మండకుండానే బయటికి పోతాయి. అదే పొగ! అంటే పొగ రూపంలో మన కట్టే వృథాగా పోతున్నదన్నమాట. గిన్నె అడుగున పట్టే మసి కూడా పూర్తిగా కాలని ఇంధనమే.

కట్టె ఎండాలి

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. 10 కిలోల పచ్చి కట్టె పొయ్యిలో పెడితే, ముందు 5 కిలోల నీటిని ఆవిరి చేయాలి. ఆ వేడి అన్నానికి అందదు. అందుకే కట్టెలను చీల్చి, నేలకు తగలకుండా పేర్చి, వానకు తడవని చోట నెలల తరబడి ఆరబెట్టాలి. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవైతే ఖంగుమంటాయి, పచ్చివైతే మొద్దు శబ్దం వస్తుంది. కంది కట్టె, పత్తి కట్టె, మక్క బెండ్లు త్వరగా అంటుకుంటాయి. తుమ్మ కట్టె నిప్పు చాలాసేపు నిలుస్తుంది. గన్నేరు కట్టె మాత్రం విషం, దాని పొగ కూడా ప్రమాదమే.

వెలిగించే పద్ధతి

1. ముందుగా పాత బూడిద తీసేయాలి. బూడిద నిండితే కింది నుండి గాలి ఆడదు.
2. ఎండుటాకులు, సన్న పుల్లలతో మొదలుపెట్టి, బాగా అంటుకున్నాక బొటనవేలంత కట్టెలు, ఆ తర్వాత లావువి పెట్టాలి.
3. పొయ్యి నోరంతా కట్టెలతో కుక్కవద్దు. కట్టెల కింద గాలి పోయే సందు ఉండాలి. ఇనుప జాలీ మీద కట్టెలు పెడితే ఇంకా మంచిది.
4. కట్టెల కొసలు మాత్రమే మండాలి. కాలిన కొద్దీ లోపలికి జరుపుతుండాలి.
5. గిన్నె మీద మూత పెట్టాలి. నీళ్ళు తెర్లగానే మంట తగ్గించాలి.
6. వంట కాగానే మిగిలిన కట్టెలను బయటికి లాగి ఆర్పాలి. ఆ నిప్పుల మీదే అన్నం ఉమ్మగిల్లుతుంది.

ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలతో మాత్రం ఎన్నడూ అంటించవద్దు. వాటి పొగ విషం.

మన హైదరాబాద్ పొయ్యి

ఈ విషయంలో మన ప్రాంతానికి గొప్ప చరిత్ర ఉంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థకు చెందిన ఎస్.పి. రాజు గారు పొగ గొట్టం ఉన్న పొయ్యిని రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం రాశారు. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు పెట్టుకునే ఏర్పాటు అందులో ఉంది. వేడి పొగ గొట్టంలో పైకి పోతూ వెనుక నుండి కొత్త గాలిని లాగుతుంది. చెరకు పిప్పితో బెల్లం వండే పెద్ద పొయ్యిల గొట్టం పని చేసేదీ ఈ సూత్రంతోనే. గొట్టంలో మసి పేరుకుంటే ఆ లాగుడు తగ్గిపోతుంది. అందుకే అప్పుడప్పుడు దులపాలి.

చివరగా ప్రాణానికి సంబంధించిన మాట. చలికాలంలో నిప్పుల కుంపటి గదిలో పెట్టుకొని తలుపులు మూసి పడుకోవద్దు. నిప్పుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఊదుడు గొట్టం అమ్మ చేతి నుండి మనం తీసుకుందాం. బూడిద తీసి, కట్టెలు చీల్చి ఎండబెట్టి, వంటింటి కిటికీ తెరుద్దాం. ఖర్చు లేని ఈ పనితో అడవి నుండి మోసుకొచ్చే మోపులు తగ్గుతాయి, అమ్మ దగ్గూ తగ్గుతుంది. చదివిన చదువు ఇంటికి పనికిరావడం అంటే ఇదే కదా!