సంఘ కార్యాలయమందలి పాత కంప్యూటరు: తెర చీకటియగుట, యంత్రము తనంతట నాగిపోవుట

మా సంఘమున గత వేసవియందు జరిగిన సంగతి యొకటి చెప్పి విషయములోనికి వచ్చెదను. పంట ఋణముల గడువు తీరుటకు రెండు దినములు మాత్రము మిగిలియున్నవి. వేరుశనగ యమ్మిన సొమ్ముతో సభ్యులు వరండాలో బారులు తీరియుండిరి. గుమాస్తా రసీదు తీయబోవు సమయమున కంప్యూటరు తెర నల్లబడినది. పిలువగా వచ్చిన పనివాడు మదరుబోర్డు చెడినదనియు, క్రొత్తది తెప్పింపవలయుననియు చెప్పి వెడలిపోయెను. మరునాడు మరియొకడు వచ్చి, పెట్టె విప్పి, మెమరీ పలకను తీసి, బడిపిల్లలు వాడు రబ్బరుతో దాని యంచును తుడిచి మరల బిగించెను. తెర వెలిగినది. సంఘమునకైన ఖర్చు రెండు కాఫీలు.

ఇది చిన్న సంగతి కాదు. 3 లక్షల రూపాయలవరకు గల పంట ఋణముపై వడ్డీ నూటికి 7 వంతున నుండగా, గడువులోపల చెల్లించిన వారికి అందులో 3 వంతులు తగ్గును. అనగా 1 లక్ష రూపాయల ఋణముపై సంవత్సరమునకు 3,000 రూపాయలు. పలకమీది మురికి కారణముగా రైతు ఈ సొమ్మును పోగొట్టుకొనరాదు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఆమోదించినది. మొదట 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. క్రొత్త యంత్రములు వచ్చినను, వెనుకటి లెక్కలు దాచియున్న పాత యంత్రమును వెంటనే మూలబెట్టుటకు వీలుండదు. కావున దాని స్వభావమును కార్యదర్శులును, పాలకవర్గ సభ్యులును కొంత యెరిగియుండుట మంచిది.

తెర నల్లబడినంత మాత్రమున యంత్రము చచ్చినదనుకొనరాదు. కీబోర్డుపై నమ్‌లాక్ అను మీటను నొక్కి చూడుడు. నొక్కినపుడెల్ల దాని దీపము వెలిగి యారుచున్నచో పెట్టె సజీవముగనే యున్నది; దోషము తెరయందో, నడుమ తీగయందో గలదు. తెర యంచున నుండు చిన్న దీపము పసుపువన్నెలో నుండినచో, తెరకు కరెంటు అందుచున్నది గాని పెట్టెనుండి బొమ్మ వచ్చుట లేదని యర్థము. అప్పుడు పాత తెరలకుండు నీలిమూతి తీగను రెండు చివరలయందును విప్పి చూడవలయును. దానిలో 15 సూదులు మూడు వరుసలుగా నుండును; ఒకటి వంగినను బొమ్మ చెడును. తెర యంతయు గులాబివన్నెకో పసుపువన్నెకో తిరిగినచో నూటికి తొంబదిపాళ్లు ఈ తీగ వదులే యని నా యనుభవము. తెర నల్లగా నున్నను, టార్చిలైటు ఏటవాలుగా వేసి చూచినపుడు అక్షరములు మసకగా కనబడుచున్నచో, తెర వెనుకటి వెలుగు పోయినదని తెలిసికొని మరియొక తెరను తగిలించి పని సాగించుకొనవచ్చును.

యంత్రము వేయగానే కూతలు కూసి తెర వెలుగకున్నచో ముందుగా మెమరీ పలకను అనుమానింపవలయును. ప్లగ్గు ఊడదీసి, స్విచ్చిని ఒకమారు నొక్కి విడిచి, పిమ్మట పలకను తీసి, బంగారువన్నె అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, ప్రక్క పట్టీలు టక్కుమని పడువరకు నొక్కవలయును.

ఇక తనంతట నాగిపోవుట. బోరుబావి మోటారు నడుపు రైతునకు ఈ సంగతి వేరుగ బోధింపనక్కరలేదు. మూడు ఫేజులలో నొకటి పోయినను, మోటారుకు బరువెక్కువైనను, స్టార్టరులోని రిలే విడిపోయి వైండింగు కాలకుండ కాపాడును. మాటిమాటికి పడిపోవుచున్నదని స్టార్టరును త్రాటితో బిగగట్టినవాని మోటారు గతి యేమగునో మన పల్లెలలో నందరికిని తెలియును. కంప్యూటరును అట్టిదే. ప్రాసెసరను ముఖ్యభాగపు వేడి 100 సెంటీగ్రేడు డిగ్రీల దరిదాపులకు వచ్చునప్పటికి యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు ఆగిపోవును. ఆగినవెంటనే మరల మరల స్విచ్చి వేయుట త్రాటితో కట్టుటవంటిదే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతముల వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. ఎరువుల మూటలును, వేరుశనగ బస్తాలును ఉంచు గోడౌను ప్రక్కనే మన కార్యాలయములు చాలవరకు గలవు. ఆ దుమ్ము పంకా రెక్కలకును, ప్రాసెసరు మీది అల్యూమినియము దిమ్మ సందులకును జమకానావలె పట్టును. ప్లగ్గు తీసి, పెట్టెను ఆరుబయటికి తెచ్చి, పంకాను వ్రేలితో తిరుగకుండ పట్టుకొని, మెత్తని పొడి కుంచెతో దులుపవలయును, తడిగుడ్డ తాకింపరాదు. దిమ్మకును ప్రాసెసరునకును నడుమ పూసిన పేస్టు ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. దానిని మార్చుట తెలిసినవానిచే చేయించుట మేలు.

వేడి దోషమా, కరెంటు దోషమా యని తేల్చుటకు గడియారము చాలును. ఉదయపు చల్లదనమున రెండు గంటలు నడచి, మధ్యాహ్నము 20 నిమిషములకే యాగినచో అది వేడి. వేళతో నిమిత్తము లేక, కరెంటు పోయినపుడెల్ల నాగినచో యు.పి.యస్. బాటరీ పనికిరానిదై యుండును. కంప్యూటరును తప్పించి, యు.పి.యస్.కు బల్లదీపమును తగిలించి, గోడ స్విచ్చి ఆర్పి చూడుడు; దీపము తక్షణమే ఆరినచో వేరు సాక్ష్యమక్కరలేదు. లేసరు ప్రింటరును యు.పి.యస్.కు తగిలించు అలవాటు కొన్ని సంఘములలో గలదు. అది వేడెక్కునపుడు ఒక్కుమ్మడిగా కరెంటు లాగును. గోడ ప్లగ్గునకే తగిలింపవలయును.

రెండును కానిచో మదరుబోర్డుపై నిలువుగా నుండు చిన్న డబ్బాలవంటి కెపాసిటర్లను చూడుడు. తలలు ఉబ్బినను, గోధుమవన్నె జిగురు కారినను అవి చెడినవి. 2000 ప్రాంతమున కొన్నియేండ్లపాటు తయారైన పలకలలో నాసిరకపు కెపాసిటర్లు లోకమంతటను చేరియున్నవి. ఇవి మార్చుట పనివాని వంతు. కరెంటు నిచ్చు లోపలి యినుపడబ్బాను, పాతకాలపు బొజ్జ తెరను మాత్రము ఎవ్వరును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటకూడ వానిలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండును.

ఆపుమని ఆజ్ఞ యిచ్చినను ఆగని యంత్రములు మరికొన్ని. తెర ఆరును గాని పంకా తిరుగుచునే యుండును. పది నిమిషములు ఓపికపట్టి, అప్పటికిని ఆగనిచో స్విచ్చిని ఐదారు సెకండ్లు విడువక నొక్కి పట్టవలయును. గోడ ప్లగ్గు లాగుట కూడదు. వ్రాయుచున్న లెక్క నడుమ తెగి, డిస్కులోని పుస్తకమే చెడవచ్చును. ఇట్లు ఆగిన తరువాత డిస్కును తనిఖీ చేయించవలయును.

యంత్రము వేసినపుడెల్ల తేదీ యెన్నడో గడచిన సంవత్సరమును చూపుచున్నచో లోపలి బిళ్ల బాటరీ అయిపోయినదని గ్రహింపుడు. అది 3 వోల్టులది, చేతిగడియారపు దుకాణములలో స్వల్ప వెలకే దొరకును. దీని నుపేక్షింపరాదు. తప్పు తేదీతో బ్యాంకు సైట్లు తెరచుకొనవు; యంత్రపు తేదీనే రసీదుపై వేయు పాత లెక్కల ప్రోగ్రాములలో, గడువులో కట్టిన సభ్యునికి గడువు తప్పిన రసీదు పోవును.

మరమ్మతునకు పంపుటకు ముందు లెక్కల నకలును వేరొక డిస్కున తీసి బీరువాలో భద్రపరుపుడు. యంత్రము ఏ తేదీన, ఏ వేళ, ఎంతసేపు నడచి ఆగినదో వ్రాసిన చీటీని పెట్టెపై అంటించి పంపుడు. మార్చితిమని చెప్పిన పాత భాగమును తిరిగి యడిగి తీసికొని, బిల్లుతో కూడ పాలకవర్గమునకు చూపవలయును.